అద్దె తేనెటీగల పెట్టెలు: పని బాగుంది, మనిషి సలహానే బాగాలేదు

అనంతపురం పక్కన మాకు రెండెకరాల కలింగర (పుచ్చకాయ) తోట. పోయినేడు పిందెలు సరిగ్గా నిలవలేదని ఈసారి పూత మొదలవ్వగానే నాలుగు తేనెటీగల పెట్టెలు అద్దెకు తెప్పించినాను. చెప్పిన రోజే రాత్రిపూట తెచ్చి దించినారు, అది మెచ్చుకోవాల్సిందే, పగలు కదిలిస్తే మేతకు పోయిన ఈగలు వెనక్కి రాలేక పోతాయి. కలింగరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, పైగా పువ్వు ఒక్క పూటే, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, కాబట్టి ఆ కొన్ని గంటల్లో ఈగ వచ్చి మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటించకపోతే అంతే. ఈసారి పుప్పొడి సరిగ్గా అంది వంకర కాయలు బాగా తగ్గినాయి.

నచ్చనిది ఒకటుంది. గట్టు మీద కంపచెట్టుకు చిన్న తేనెటీగల పట్టు ఉంటే, "పొగపెట్టి తీసేయన్నా, మా ఈగలకు పోటీ" అన్నాడు పెట్టెలు తెచ్చినాయన. నాకు ఒళ్లు మండింది. ఆయన పెట్టెల్లోని ఈ ఇటాలియన్ ఈగలు 1960ల్లో మన దేశంలో నిలదొక్కుకున్నవి, ఆ చిన్నవి ఎప్పటినుంచో ఇక్కడివే. పెట్టెలు నెలకు పోతాయి, ఇవి అద్దె లేకుండా ఏడాదంతా ఉంటాయి. ఎండుకట్టెకు తొర్రలు చేసే తుమ్మెదలూ, గట్టు మట్టిలో గూళ్లు పెట్టేవీ అంతే, అందుకే ఆ గట్టు దున్నలేదు, మందు కొట్టాల్సి వస్తే పొద్దుగూకినాకే కొట్టినా.

వాళ్ల దగ్గర తేనె కూడా కొన్నా, బాగుంది. మళ్లీ పిలుస్తా గానీ రెండు పెట్టెలే, అవీ ఆ కంపచెట్టుకు దూరంగా.