విధి, పురుషకారం వాదనకు ఒక ప్రయోగశాల: గోలీ సాఫ్ట్‌వేర్ సమీక్ష

అంతా ముందే నిర్ణయమైపోయిన లోకంలో ఎంచుకునే స్వేచ్ఛకు చోటుంటుందా? ఈ వాదన సాధారణంగా మాటల్లోనే నలుగుతుంది. చేసి చూడాలనుకునేవారికి గోలీ చాలా మంచి పనిముట్టు. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. గణితవేత్త జాన్ కాన్వే రూపొందించగా 1970లో లోకానికి తెలిసిన ‘లైఫ్’ ఆట దీనికి ఆయువుపట్టు.

గళ్ల కాగితమే ఇక్కడ ప్రపంచం. బతికున్న గడి చుట్టూ ఉన్న 8 గళ్లలో 2 గానీ 3 గానీ బతికుంటే అది నిలుస్తుంది, లేకపోతే పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా 3 ఉంటే అక్కడ కొత్తది పుడుతుంది. ఈ సూత్రాలు గళ్లన్నిటికీ ఒకేసారి ఒక్కసారి వర్తిస్తే ఒక తరం. పాచికలు లేవు, మినహాయింపులు లేవు.

ముందు 5 గళ్లు నింపండి: పై వరుసలో మధ్యది, కుడిది, నడిమి వరుసలో ఎడమది, మధ్యది, కింద మధ్యది ఒక్కటే. నడిపితే 1103వ తరానికి 116 గళ్లతో కుదుటపడుతుంది. రీసెట్ నొక్కి ఎన్నిసార్లు నడిపినా అంతే. ఇప్పుడు పై వరుసలో కుడి గడిని చెరిపి నడపండి. దాదాపు 10 తరాల్లోనే కథ ముగిసి, తరానికోసారి అడ్డంగా, నిలువుగా మారే మూడేసి గళ్ల మిణుకులు నాలుగు మిగులుతాయి.

అసలు తగాదా ఇక్కడే ఉంది. ‘ఇంకోలా జరిగి ఉండేదా?’ అంటే మొదలు కాస్త వేరుగా ఉండి ఉంటే అని అర్థం చెప్పుకుంటే, జరిగేదే. నియతికీ, అంటే అంతా ముందే నిర్ణయమై ఉండటానికీ, స్వేచ్ఛకూ పొత్తు కుదురుతుందనేవారి పట్టు ఈ అర్థం మీదే. మొదలు అదే, సూత్రాలూ అవే అయినప్పుడు అంటే మాత్రం, జరగదు. పొత్తు కుదరదనేవారు నిలదీసేది ఇదే. గోలీ ఈ రెండు అర్థాలనూ విడదీసి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. దాని విలువ అందులోనే ఉంది.

నియతి అంటే ముందే తెలిసిపోవడం అనుకోవడం పెద్ద పొరపాటు. వెంట వచ్చే నమూనాల్లో ట్యూరింగ్ యంత్రాన్ని, అంటే కంప్యూటర్‌కు మూలమైన సైద్ధాంతిక నమూనాను, తెరిచి చూడండి. లైఫ్‌లో కంప్యూటర్‌నే కట్టవచ్చు కాబట్టి, ఏ అమరిక చివరికి ఏమవుతుందో అన్నిటికీ ముందుగా చెప్పగల పద్ధతి ఉండదు. వెనక్కి లెక్కకట్టడమూ కుదరదు: ఒక్క గడి ఉన్నా, రెండు పక్కపక్కనే ఉన్నా, తర్వాతి తరానికి మిగిలేది ఖాళీయే. గోలీలో అన్‌డూ ఉన్నా, అది దాచుకున్న చరిత్రను చూపడమే తప్ప సూత్రాన్ని తిరగేయడం కాదు.

పైన చెప్పిన 1103, 116 లెక్క తప్పడానికి సాధారణంగా రెండు కారణాలు. స్టెప్ (ఒక్కసారికి దాటే తరాల సంఖ్య) పెద్దదిగా ఉంటే 1103ను దాటేస్తారు; దగ్గరకు వచ్చాక స్పేస్ బార్‌తో ఒక్కో తరమే కదపాలి. అంచులు కలిసిన పరిమిత గడిపలక ఎంచుకుంటే, బయటికి పోవాల్సిన 6 గ్లైడర్లు (ఏటవాలుగా జరిగిపోయే 5 గళ్ల ఆకారాలు) అటు తిరిగొచ్చి గుద్దుకుంటాయి, ఫలితం మారిపోతుంది. తరాలను లెక్కకట్టడానికి గోలీలో వేర్వేరు పద్ధతులున్నాయి. వాటిలో హ్యాష్‌లైఫ్ పద్ధతి క్రమం ఉన్న పెద్ద నమూనాలకు అద్భుతం. చిందరవందర అమరికలకు మెమరీ మింగేస్తుంది, అక్కడ క్విక్‌లైఫ్ మేలు.

ఒక లోటు. కాన్వే, మరో గణితవేత్త సైమన్ కోచెన్ 2006లో ప్రచురించిన స్వేచ్ఛాసంకల్ప సిద్ధాంతం కణాల స్పిన్ అనే క్వాంటమ్ గుణానికి సంబంధించింది. ప్రయోగం చేసేవారి ఎంపిక గతానికి కట్టుబడనిదైతే, కొన్ని షరతుల కింద కణం స్పందనా కట్టుబడనిదే అంటుంది. దాన్ని లైఫ్‌లో పరీక్షించలేం. ర్యాండమ్ ఫిల్ ఉంది కదా అంటారేమో, అది చల్లేది తొలి గింజలనే. ఆ తర్వాతి ప్రతి తరమూ సూత్రం చేతిలోదే.