పాపిన్సా, మాంట్‌సెరాటా? బోర్డు మీదికి ఏది మేలు

వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు, అన్నా హెడ్డింగ్‌కి లావుగా గుండ్రంగా ఉండే ఇంగ్లీష్ ఫాంట్ కావాలి, పాపిన్స్ పెట్టాలా మాంట్‌సెరాట్ పెట్టాలా అని. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీనే, రెండింట్లోనూ బాగా బక్కగా ఉండే థిన్ నుంచి అన్నిటికంటే లావైన బ్లాక్ దాకా 9 వెయిట్లు, అంటే అక్షరం లావు రకాలు, ఉన్నాయి, క్లయింట్ పనికి వాడినా ఇబ్బంది లేదు. కాబట్టి డబ్బుల గొడవ ఇక్కడ లేనట్టే.

ఒట్టి ఇంగ్లీష్ పేరు, అదీ ఐదారు అక్షరాలే అయితే మాంట్‌సెరాట్ బ్లాక్ ముందు ఏదీ నిలవదు. జూలియెటా ఉలనోవ్‌స్కీ అనే డిజైనర్ బ్యూనస్ ఎయిరిస్‌లో మాంట్‌సెరాట్ అనే పేటలోని పాత బోర్డులు, పోస్టర్లు చూసి గీసిన ఫాంట్ అది, అందుకే క్యాపిటల్స్‌లో రాస్తే ఆ దర్జా కనిపిస్తుంది. పాపిన్స్ మనవాళ్లది, ఇండియన్ టైప్ ఫౌండ్రీ చేసింది, దేవనాగరి కూడా ఉంది కానీ తెలుగు లేదు. వెబ్‌సైట్‌లో పాపిన్స్ ఇచ్చి తెలుగు రాస్తే చూసేవాళ్ల ఫోన్లో ఉన్న తెలుగు ఫాంటేదో వచ్చి కూర్చుంటుంది, హెడ్డింగ్ సగం లావు సగం బక్క.

నా దృష్టిలో అసలు తేల్చేది పక్కన తెలుగు ఉందా లేదా అన్నదే. మొన్న ఒక స్వగృహ ఫుడ్స్ బోర్డు చేశా. 'స్వగృహ' తెలుగులో మూడే అక్షరాలు, ఇంగ్లీష్‌లో ఎనిమిది. పైన తెలుగు, కింద ఇంగ్లీష్, రెండూ ఒకే వెడల్పుకి రావాలంటే ఇంగ్లీష్‌ని తగ్గించుకుంటూ పోవాలి, మాంట్‌సెరాట్‌కి అసలే ఒళ్లు ఎక్కువ, అందులో డబ్ల్యూ ఒక్కటే ఇద్దరి చోటు తింటుంది, చివరికి కింది లైను చీమల బారులా మిగిలింది. పాపిన్స్ పెడితే అదే వెడల్పులో ఎత్తు కాస్త దక్కింది. తెలుగుకి అనెక్ తెలుగు అనే ఫాంట్ తీసుకున్నా, దాంట్లో వెయిట్‌తో పాటు వెడల్పు కూడా 75 నుంచి 125 శాతం దాకా జరుపుకోవచ్చు, కాబట్టి తెలుగుని కొంచెం సాగదీసి మధ్యలో కలిపేశా. ఒక్క మాట, అనెక్ లావు 800 దగ్గర, అంటే ఎక్స్‌ట్రా బోల్డ్ దగ్గరే ఆగిపోతుంది, బ్లాక్ దాకా పోదు, అందుకని పాపిన్స్‌ని కూడా బ్లాక్ కాకుండా ఎక్స్‌ట్రా బోల్డ్‌లోనే ఉంచండి, లేదంటే ఇంగ్లీషే నల్లగా ముందుకొస్తుంది. కళ్లు సగం మూసి చూస్తే తెలిసిపోతుంది. తెలుగుని ఇంకా లావు చేద్దామని అక్షరాల చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) మాత్రం ఎక్కించకండి, స కింద వ ఒత్తు, గ పక్కన వట్రసుడి ముద్దయిపోతాయి.

మిగతా ఫాంట్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఫ్యూచురా 1927 నాటిది, ఇప్పటికీ అందమే, కానీ దాంట్లో ఇంగ్లీష్ చిన్న ఎ (a) కూడా ఓ (o) లాగే గుండ్రం, పక్కన గీత ఒక్కటే తేడా, బోల్డ్‌లో దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. పైగా కొనాలి. గోథమ్ కూడా కొనాల్సిందే, ఆ బడ్జెట్ ఉన్నవాళ్లు నన్ను అడగరు. బలూ తమ్ముడు అనే తెలుగు ఫాంట్ పిల్లల స్కూలు బ్యానర్లకి బాగుంటుంది.

అన్నట్టు ఆ బోర్డు ఓనర్‌కి ఫాంట్ సంగతి పట్టనే లేదు, ఫోన్ నంబర్ పెద్దగా కావాలన్నాడంతే. పది అంకెలు మాంట్‌సెరాట్ బ్లాక్‌లో వేసి చూపిస్తే చివరి రెండూ అంచు దాటిపోయాయి.