నల్లగొండలో గ్రామఫోన్ ప్లేట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు: 5కి 3

క్లాక్ టవర్‌కు దగ్గర్లోని ఈ చిన్న షాపు పనితనం తేలాలంటే పద్యనాటకం ప్లేటు చాలదు. కంచుగొంతు, దాని పక్కన హార్మోనియం ఎట్ల ఎక్కించినా వినబడతాయి. ఫ్రెంచ్ ఆపరెట్టా (పాటలతో నడిచే తేలికపాటి నాటకం) గాయని ఇవోన్ ప్రేంతాం ప్లేటు ఇస్తే అసలు సంగతి బయటపడుతుంది.

1894లో పుట్టిన ఈమె చిన్నప్పుడే పారిస్ రెవ్యూల్లో (పాటలు, ఆటలు, హాస్యం కలిపిన ప్రదర్శనలు) వేదికెక్కింది. 1925లో భర్త సాషా గిత్రీ రాసిన నాటకంలో మోజార్ట్‌గా మగవేషం కట్టింది. 1934లో లండన్‌లో ఇంగ్లిష్ నాటకకర్త నోయెల్ కవర్డ్ 'కాన్వర్సేషన్ పీస్' కోసం రాని ఇంగ్లిష్‌ను చెవితో పట్టి పాడింది. 1937 నాటి ఆపరెట్టా 'త్రువా వాల్స్'లో మూడు తరాల ఆడవాళ్ల వేషాలూ ఆమెవే. (షాపువాళ్లు ఫైలు పేరులో దీన్ని గిత్రీ నాటకమని రాశారు, తప్పు. అప్పటికే ఆమె గిత్రీని విడిచి నటుడు పియేర్ ఫ్రెనేతో ఉంది.) ప్రతి చరణం చివరా గొంతును సన్నగా, ఊపిరిలో కలిసిపోయేట్టు వదలడం ఆమె ప్రత్యేకత. చూడాల్సింది ఆ చివర్లనే.

మొదటిసారి ఎల్‌పీ ముల్లుతోనే ఎక్కించారు. దాని మొన 0.7 మిల్లు (మిల్లంటే అంగుళంలో వెయ్యో వంతు). నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పాత లక్కప్లేటు గాడి వెడల్పు ఎక్కువ, దానికి 3 మిల్లుల ముల్లు కావాలి. సన్న ముల్లు గాడి అడుగున మట్టిలో దొర్లుతూ గరగరనే ఎత్తుకొస్తుంది. పైగా ఆర్ఐఏఏ సెట్టింగు అట్లనే ఉంచారు. అది హెచ్చు, తగ్గు స్థాయిలను సరిచేయడానికి 1950ల ఎల్‌పీలకు పెట్టిన లెక్క, 78 ప్లేటుకు వాడితే పైస్థాయి మొద్దుబారుతుంది. అడిగితే రెండూ మార్చి మళ్లీ చేశారు, పైసలు తీసుకోలేదు. ఈసారి గొంతు తేటగా వచ్చింది.

"గరగర తీసేయాలా?" అంటే వద్దనండి. ఫిల్టరు వేసిన ఫైల్లో చరణాల చివర్లు కత్తిరించినట్టు పోయాయి. ఏమీ ముట్టని వేవ్ ఫైలు 24 బిట్‌లో అడిగి తీసుకోండి, అడగకుంటే ధ్వనిని కుదించిన ఎంపీ3 చేతిలో పెడతారు. సాగదీసిన స్వరం ఊగుతుంటే ప్లేటు నడిమి రంధ్రం పక్కకు జరిగిందన్నట్టు. ప్లేటును సర్ది తిప్పమనండి.

కడగడం మాత్రం వాళ్లకు అప్పజెప్పొద్దు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. మన బోరు నీళ్లు ఆరితే గాడిలో తెల్లటి సున్నం మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి, లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడి రుద్ది, నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండాకాలం కారులో మాత్రం వదలొద్దు, ప్లేటు వంగిపోతుంది.

ఒక్కో వైపుకు 150 రూపాయలు, రెండు రోజుల్లో ఇస్తారు.