ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా: వైజాగ్ అంచున పోయే బైపాస్ మీద ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి

శ్రీకాకుళం వైపు నుంచి రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లకి ఆనందపురం దగ్గర రెండు దారులు వస్తాయి. పాత హైవే మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక మీదుగా ఊరి నడిబొడ్డులోంచి పోతుంది. రెండోది పెందుర్తి, సబ్బవరం మీదుగా ఊరి అంచు పట్టుకుని వెళ్లి అనకాపల్లి దగ్గర మళ్లీ పాతదాంట్లో కలుస్తుంది, ఇంచుమించు 50 కిలోమీటర్లు, ఆరు వరుసలు. చాలామందికి ఇది వైజాగ్‌ ట్రాఫిక్ తప్పించుకునే దారి, అంతే. నేనైతే ఈ రోడ్డునే పట్టుకుని ఒక రోజున్నర హాయిగా తిరగొచ్చంటాను. కాకపోతే ఎక్కడెక్కడ దిగాలో ముందే అనుకుని బయల్దేరాలి, ఎందుకంటే రోడ్డు మీద దాదాపు ఏమీ లేదు, ఉన్నదంతా రోడ్డు దిగాకే.

మేం వెళ్లింది మాఘమాసంలో. కారులో అమ్మ, కాకినాడ నుంచి వచ్చిన పిన్ని, తమ్ముడు, నేను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కాబట్టి ఇక్కడ నేను రాసే మంచీచెడ్డా అంతా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి బాగా పనికొస్తుంది.

ముందు ఆనందపురం పూల మార్కెట్. చీకటుండగానే చేరుకోవాలి, ఎండెక్కాక వెళ్తే సగం అందం పోయినట్టే. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు బంతి, చామంతి మూటలు దించుతుంటే ఆ తడి గోనె వాసన, పూల వాసన కలిసి వస్తాయి. పిన్ని కడియపులంక మార్కెట్ చూస్తూ పెరిగిన మనిషి, ఆవిడకి పూలల్లో ఏదీ అంత తేలిగ్గా ఆనదు, అయినా ఇక్కడ కనకాంబరాల బుట్ట ముందు కూర్చుండిపోయింది. అమ్మే ఆవిడ చామంతి మొగ్గలు చేతిలో పెట్టి, "విచ్చినవి వద్దు తల్లీ, మొగ్గలే తీస్కో, సాయంత్రానికి అవే విచ్చుకుంటాయి" అంది. నిజంగానే రాత్రికి గదిలో విచ్చుకున్నాయి. ఇక్కడ ఇబ్బంది ఒక్కటే, కారు పెట్టుకోవడానికి సరైన చోటు లేదు, ఒకరు బండి దగ్గర ఉండాల్సిందే.

బైపాస్ ఎక్కాక రోడ్డు సంగతి చెప్పాలంటే, నునుపుగా ఉంది, అమ్మ నడుము నొప్పి అనలేదు, అదే నా కొలత. టోల్ ఉంది, ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. తరచూ తిరిగే కార్లవాళ్లు 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ తీసుకుంటే 200 ట్రిప్పులో ఏడాదో, ఏది ముందైతే అంతవరకు జాతీయ రహదారి టోల్ గేట్లలో చెల్లుతుంది. బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలి, ఈ నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. రాత్రి పూట మాత్రం ఈ రోడ్డు మీద నేను వద్దంటాను. లారీలు వెనక లైట్లు కూడా వెలగకుండా ఎడమ వరుస అంచున ఆగి ఉంటాయి, దగ్గరకొచ్చేదాకా కనపడవు.

అసలు బాధ బాత్రూముల దగ్గర. పెట్రోలు బంకులో టాయిలెట్, తాగేనీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలని నిబంధన ఉంది. మేం ఆగిన ఒక బంకులో టాయిలెట్‌కి తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు ఊళ్లోకి వెళ్లాడు. డెబ్బై దాటిన అమ్మని ఎండలో నిలబెట్టి అడుక్కోవాల్సి రావడం నాకు చాలా కష్టమనిపించింది. ఇన్ని కోట్లు పోసి రోడ్డు వేసినవాళ్లు పదేసి కిలోమీటర్లకి ఒక శుభ్రమైన బాత్రూం కట్టలేరా?

సింహాచలానికి పెందుర్తి దాకా వెళ్లి వేపగుంట, గోశాల మీదుగా తిరిగి రావచ్చు గానీ, నా ఓటు శొంఠ్యాం దగ్గర దిగి అడవివరం వెళ్లే కొండదారికే. మలుపులుంటాయి, నెమ్మదిగా పోవాలి, రెండు పక్కలా పచ్చగా ఉంటుంది, పైగా పెందుర్తి రద్దీ తప్పుతుంది. శనాదివారాలు వద్దు, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. వెయ్యికి పైగా మెట్లు ఎక్కలేనివాళ్లకి కొండ మీదకి బస్సులున్నాయి, కారు కూడా పోతుంది. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే, ఆ రోజు జనంలో పెద్దవాళ్లని తీసుకెళ్లడం చాలా కష్టం. గుళ్లో 1098 నాటి కులోత్తుంగ చోళుడి శాసనం ఉంది. పిన్ని కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏం కోరుకుందో చెప్పలేదు. పులిహోర బాగుంది. కింద అడవివరం దగ్గర సంపెంగలు, అనాసపళ్లు అమ్ముతారు, బేరమాడితే తగ్గిస్తారు.

పెందుర్తిలో టిఫిన్ చేసి ముందుకి కదిలాం. కూడలిలో కొత్తవలస, అరకు వైపు పోయే బండ్లు, సింహాచలం బండ్లు, ఊళ్లోకి పోయే ఆటోలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇడ్లీ, అల్లం చట్నీ వేడిగా ఉన్నాయి, ధర కూడా ఊళ్లోకంటే తక్కువే. సబ్బవరం దగ్గర న్యాయ విశ్వవిద్యాలయం, వంగలిలో పెట్రోలియం సంస్థ ఉన్నాయి, పిల్లల్ని చదువుకి చేర్చేవాళ్లకి తప్ప యాత్రికులకి అక్కడ పనిలేదు.

అనకాపల్లి మాత్రం తొందరపడే ఊరు కాదు. పొద్దున పూట బెల్లం మార్కెట్‌కి వెళ్లండి, దిమ్మలు పేర్చి ఉంటే రంగుని బట్టి ధర కడతారు. కళ్లు మెరుపు మీదకే పోతాయి గానీ, నిగనిగలాడే పసుపు రంగు చాలాసార్లు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపితే వచ్చేది, ఇంటికి కావాలంటే ముదురు రంగుది అడగండి. ఒక వ్యాపారి దిమ్మ అంచు గోటితో గిల్లి అమ్మ నోట్లో పెట్టాడు, కొంచెం ఉప్పగా, వెనకాల చెరకు పొగ వాసనతో, అదే కొన్నాం. గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా కూడా ఊళ్లో దొరుకుతుంది, రోజు పాతబడితే ఇంకా రుచి అంటారు గానీ అది మా ఇంటికి చేరేదాకా మిగల్లేదు.

ఊరికి కాస్త దూరంలో శంకరం దగ్గర బొజ్జన్నకొండ, పాతకాలపు బౌద్ధ క్షేత్రం. ఈ ప్రయాణంలో ఒక్కటే చూడగలరంటే ఇదే చూడండి. కొండని తొలిచిన గుహ, ద్వారం పక్కన ద్వారపాలకులు, లోపల 16 స్తంభాలు, నడుమ అదే రాతిలో చెక్కిన స్తూపం. పక్కన లింగాలకొండ మీద చిన్నా పెద్దా స్తూపాలు వరసలు వరసలుగా, రాయిలోంచి మొలిచినట్టు ఉంటాయి. 1906లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. అమ్మ మెట్లు ఎక్కలేక కింద చెట్టు నీడన కూర్చుంది, పిన్ని పైదాకా ఎక్కింది. పైన నీడ ఉండదు, నీళ్లు వెంట తీసుకెళ్లండి, మధ్యాహ్నం వద్దు.

బస విషయం. అనకాపల్లిలో మేం దిగిన లాడ్జి ఫొటోల్లో ఉన్నదానికీ అక్కడ ఉన్నదానికీ పొంతన లేదు, వేడినీళ్లు పొద్దున ఏడు దాకా రాలేదు, లిఫ్ట్ ఉందని రాసి మూడో అంతస్తుకి మెట్లెక్కించారు. ఒక్కటి మాత్రం చెప్పాలి, రాత్రి డ్యూటీ కుర్రాడు అమ్మ అవస్థ చూసి కింద గది ఖాళీ చేయించి ఇచ్చాడు. పెద్దవాళ్లుంటే సింహాచలంలో దేవస్థానం గది ముందే తీసుకుని అక్కడే రాత్రి ఉండండి, మర్నాడు తెల్లారి అనకాపల్లి వెళ్లి తిరిగి రావచ్చు. సముద్రం కావాలంటే భీమిలి వైపు ఉండండి, ఆనందపురం దగ్గరే.

తిరుగు ప్రయాణం పాత హైవే మీద చేశాం, పోల్చి చూద్దామని. ఎన్ఏడీ ఫ్లైఓవర్ వచ్చాక అక్కడ చాలా నయం, గాజువాకలో సాయంత్రం మాత్రం బండి నత్తనడకే. దూరంలో పెద్ద తేడా లేదు, విసుగులో ఉంది.

తమ్ముడికి డ్యూటీ ఉండి వెళ్లేటప్పుడే పెందుర్తిలో దిగిపోయి, ఆనందపురం మీదుగా విజయనగరం పోదామని బస్సు కోసం నిలబడ్డాడు. ఎంతసేపటికీ రాక చివరికి రెండు షేర్ ఆటోలు మారాడు. రోడ్డు పక్క పల్లెల ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు రోజూ ఇలాగే పోతున్నారని ఆటోలో ఒకామె అతనితో అందట. కార్లున్న మాకు ఈ రోడ్డు వరం. వాళ్లకి కూడా కావాలంటే ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా, పల్లెల దగ్గర సర్వీసు రోడ్డులో ఆగుతూ, గంటకొక ఆర్టీసీ బస్సు తిప్పాలి.