సీలర్ పరీక్షకు ఒత్తిడి పాత్రా, అతినీలలోహిత పెట్టా?

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు తారు రోడ్డుపై రక్షణ పొరగా పూసే సీలర్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడానికి ప్రయోగశాలలో రెండు దారులున్నాయి. ఒత్తిడి పాత్రలో 50 గ్రాముల తారును పళ్లెంలో పోసి, 2.1 మెగాపాస్కల్ గాలి ఒత్తిడిలో, సుమారు 100 డిగ్రీల వేడిలో 20 గంటలు ఉంచుతారు. ఏళ్ల తరబడి జరిగే ఆక్సీకరణ, అంటే గాలిలోని ఆక్సిజన్‌తో తారు గట్టిపడటం, ఒక్క రోజులో తెలిసిపోతుంది. కానీ అందులో ఎండా లేదు, వానా లేదు. రోడ్డు లోపలి తారుకైతే అది సరే.

సీలర్ పలుచని పొర. ఎండ దెబ్బ ముందు దానికే. అతినీలలోహిత పెట్టెలో 60 డిగ్రీల వద్ద 8 గంటలు దీపకాంతి, 50 డిగ్రీల వద్ద 4 గంటలు తేమ, మార్చి మార్చి వారాల తరబడి తగిలిస్తారు. నల్లని మెరుపు బూడిదరంగుకు తిరగడం, వెంట్రుకల్లాంటి పగుళ్లు అక్కడే బయటపడతాయి. వేసవిలో మాడి నైరుతి వానల్లో నానే ఈ జిల్లాలకు కావలసింది ఈ పరీక్షే. టైర్ల రాపిడిని మాత్రం రెండూ చూపవు. దానికి తడి రాపిడి పరీక్ష విడిగా చేయించాలి.