పాలమూరు నుంచి బారామతికి, సైకిల్ రేసు చూడ్డానికి: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ దిగాలి

రోడ్డు సైకిల్ రేసుకు స్టేడియం ఉండదు, టికెట్ ఉండదు, గంటల తరబడి ఎండలో ఎదురుచూస్తే మన ముందు నుంచి గుంపు పోయేది నిమిషం కూడా పట్టదు. అయినా ఇంటిల్లిపాదీ పోయి చూడాల్సిందే అంటాను నేను. కాకపోతే నిలబడే చోటు, రాత్రి దిగే ఊరు ముందే తేల్చుకుని పోవాలి.

మేం పోయింది పుణే గ్రాండ్ టూర్‌కి. 2026 జనవరి 19 నుంచి 23 వరకు జరిగింది, మొత్తం 437 కిలోమీటర్లు, ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ లెక్కలో 2.2 స్థాయి (కొన్ని రోజుల పాటు సాగే రేసులకిచ్చే ఒక శ్రేణి), విదేశీ జట్లు చాలానే వచ్చాయి. పుణే సిటీ ట్రాఫిక్‌లో పిల్లలతో, నాయినతో తిరగడం నా వల్ల కాదు, అందుకే 22వ తేదీ గురువారం నాటి మూడో స్టేజీ, అంటే ఆ ఒక్క రోజు తొక్కే భాగం, ఎంచుకున్నాం. పుణే దగ్గరి సాస్వడ్‌లో మొదలై బారామతిలో ముగుస్తుంది, బారామతి మనకు పుణే కంటే ఇవతలే.

మహబూబ్‌నగర్ నుంచి కోస్గి, కొడంగల్, సేడం, కలబురగి మీదుగా షోలాపూర్ చేరాం. సేడం దాకా మెల్లగానే పోవాలి, షోలాపూర్ దాటాక హైవే హాయిగా ఉంది. తిండికి ఏ ఇబ్బందీ లేదు. షోలాపూర్ వైపు జొన్నరొట్టె, పల్లీల కారం మన ఇంటి తిండే, నాయిన రెండు రొట్టెలు ఎక్కువే తిన్నడు.

బారామతిలో గది కోసం వెతికితే ఫినిష్ ఊరు కాబట్టి రేట్లు పెంచేశారు, కొన్నిచోట్ల అసలు ఖాళీ లేదు. భిగ్వణ్‌లో దిగాం, అక్కడి నుంచి బారామతి కారులో ముప్పావుగంట లోపే. లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు వస్తాయని చెప్పి తెల్లారి గీజర్ పని చేయట్లేదన్నారు, జనవరి చలిలో పిల్లలకు చన్నీళ్లతో స్నానం ఎలా చేయిస్తాం? అడిగితే ఒక్క బకెట్ పంపారు. ముసలివాళ్లు ఉంటే గది తీసుకునే ముందే నల్లా తిప్పి చూడండి. భిగ్వణ్‌లో ఇంకో లాభం ఉంది, చలికాలంలో ఉజని డ్యామ్ వెనక నీళ్లలోకి ఫ్లెమింగోలు వస్తాయి, పొద్దున పడవలో తీసుకెళ్లి చూపిస్తారు. ఆ నీళ్లే భీమా నదిగా దిగి వచ్చి మన నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తాయని చెబితే పిల్లలు నోరు తెరిచి విన్నారు.

రేసుకి బారామతి ఇవతల ఒక ఊళ్లో, చెరకు తోట పక్కన నిలబడ్డాం. నీడ ఉంది, ఊరివాళ్లు కుర్చీలు వేసి నాయినని కూర్చోబెట్టారు, బడిపిల్లలు జెండాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ముందు పోలీసు బండ్లు, మోటార్‌సైకిళ్లు వచ్చాయి, తర్వాత గుంపు. టీవీలో ఆ వేగం తెలియదు, అది చెవులకు తెలిసేది. అన్ని గొలుసులు, చక్రాలు ఒక్కసారిగా జుయ్యిమని, వెంటనే గాలి మొహానికి కొట్టింది. ముందువాడి వెనక దాక్కుంటే గాలి అడ్డం తగ్గి బలం మిగులుతుంది, అందుకే అంత ఒరుసుకుని తొక్కుతారు. వెనకాల జట్ల కార్లు, వాటి నెత్తిన విడి సైకిళ్లు. ఒక రైడర్ విసిరిన నీళ్ల బాటిల్ మా చిన్నోడికి దొరికింది, దాని కోసం అక్కాతమ్ముళ్లు ఇంకా కొట్లాడుకుంటున్నారు.

కానీ అక్కడే ఉండిపోతే సగమే చూసినట్టు. దారి తెరిచాక బారామతి పోయాం, పార్కింగ్ దూరం, దాహం తీర్చుకోవడానికి కొనుక్కోవాల్సిందే, ఆడవాళ్లకు టాయిలెట్ దొరకడం పెద్ద కష్టమైంది, నిర్వాహకులు వచ్చేసారైనా ఇది సరిచేయాలి. జట్ల బండ్లు ఆగిన చోట ఒక మెకానిక్ నురగతో సైకిల్ కడుగుతూ, చిన్న బ్రష్‌తో గొలుసు రుద్దుతున్నడు. మా నాయిన సగం జీవితం అట్లాస్ సైకిల్ మీదే నడిచింది, అక్కడి నుంచి కదలనంటే కదలనన్నడు. భాష రాకపోయినా ఆ అబ్బాయికి సంగతి అర్థమైనట్టుంది, సైకిల్ తుడిచి నాయిన చేతికిచ్చాడు. రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని నిబంధన, ఎక్కువమంది దాని దగ్గర్లోనే ఉంచుతారు. నాయిన ఒక్క చేత్తో పైకెత్తి, స్టాండ్ ఏది, మడ్‌గార్డ్ ఏది అని అడుగుతూనే ఉన్నడు.

చివరికి మొత్తం టూర్ టైటిల్ న్యూజిలాండ్ రైడర్ లూక్ మడ్జ్‌వేకి దక్కింది.

మళ్లీ జరిగితే ముందు రోజు రాత్రి సాస్వడ్ దగ్గర్లోనే దిగి, పొద్దున స్టార్ట్ చూస్తాం. బయలుదేరే ముందు రైడర్లు నింపాదిగా ఉంటారు, మొహాలు చూడొచ్చు, పిల్లలు ఫొటో అడగొచ్చు. ఫినిష్‌కి మాత్రం పెద్దపిల్లలు ఉన్నవాళ్లే పోండి, బారికేడ్ దగ్గర చోటు కోసం చాలాసేపు నిలబడాలి.