గుండెకు ఏది మేలు: నడకా, బరువులా?

మా వీధి పార్కులో రెండు వర్గాలున్నాయి. చుట్లు లెక్కపెట్టుకుంటూ నడిచే పెద్దలు ఒకటి, ఎదురుగా జిమ్ములో బరువులెత్తే కుర్రాళ్లు మరొకటి. ఒకరిని చూసి ఒకరు జాలిపడుతుంటారు. గుండె వరకే అడిగితే నా ఓటు నడిచేవారికి, అయితే ఒక షరతుతో.

నడక పక్షాన సాక్ష్యం పాతది. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే మెట్లెక్కి దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపారు. డ్రైవర్లకు యూనిఫాం కుట్టిన నడుము కొలతలే పెద్దవని తర్వాత ఆయనే తేల్చారు కాబట్టి, ఘనతంతా మెట్లదే అనలేం.

బరువుల తీరు వేరు. 1985లో కెనడాలో బాడీబిల్డర్ల ధమనిలోకి సన్నని గొట్టం పంపి కొలిస్తే, రెండు కాళ్లతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ చేసేటప్పుడు రక్తపోటు సగటున 320/250 దాకా వెళ్లింది! బరువు దించగానే అదీ దిగిపోతుందనుకోండి. కానీ బీపీ అదుపులో లేనివారు ఊపిరి బిగబట్టి, మొహం కందగడ్డలా చేసుకుని ఎత్తడం ప్రమాదమే. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఇంత చెప్పినా బరువులను తీసిపారేయలేం. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే, షుగరు ముదిరితే దెబ్బతినేవాటిలో గుండె ముందుంటుంది.

తగువు తీర్చినది 2024లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం. అధిక బరువు, ఎక్కువ బీపీ ఉన్న 406 మందిని ఏడాదిపాటు వారానికి మూడుసార్లు, గంట చొప్పున సాధన చేయించారు. ఏ సాధనా లేనివారితో పోలిస్తే, బరువులే ఎత్తినవారికి గుండెజబ్బు ముప్పు లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గంటంతా కార్డియో, అంటే నడకలా గుండె వేగం పెంచే వ్యాయామం, చేసినవారికి, అరగంట కార్డియో, అరగంట బరువులు చేసినవారికి మేలు ఇంచుమించు సమానమే. అంటే రెండో అరగంటను బరువులకిచ్చినా గుండెకు లోటు లేదు, కండబలం కొసరు. నడకతోపాటు బరువులూ ఎత్తాలన్నదే నా షరతు.

ఇక నడక వేగం. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మా పార్కులో చాలామంది ఫోనులో వినిపించే పాటకు గొంతు కలుపుతూ నడుస్తున్నారు.